అగ్గిపెట్టెంత బొమ్మ

పుస్తకానికి అట్టమీద బొమ్మ, సినిమాకి వాల్‌పోస్టరు ఉన్నట్టే కంప్యూటర్ ఆటకీ ఒక ముఖచిత్రం ఉంటుందండీ. స్టీమ్ అని ఆన్‌లైన్‌లో ఆటలు అమ్మే పెద్ద అంగడి ఉంది. అందులో జనం మొదట చూసేది ఆ బొమ్మనే. దాన్ని వాళ్ళు క్యాప్సూల్ అంటారు. "మందుబిళ్ళ పేరు పెట్టారేమిటే?" అంటే మా అమ్మాయి పడీపడీ నవ్వింది.

మా అమ్మాయి హైదరాబాదులో నాలుగేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, పోయిన వేసవిలో మానేసి ఇంటికొచ్చింది. తనూ, ఇంకో స్నేహితురాలూ కలిసి ఒక చిన్న ఆట తయారుచేస్తున్నారు. మా వారు "ఉగాది దాకా చూస్తాను. ఆ తర్వాత ఉద్యోగమో, పెళ్ళో ఏదో ఒకటి తేల్చాలి" అన్నారు. సంబంధాలు చెప్పేవాళ్ళు "అమ్మాయి ఏం చేస్తోందండీ?" అని అడిగితే "ఆట" అని చెప్పి ఊరుకోవడం ఎంత కష్టమో మీలో ఆడపిల్లల తల్లులకి వేరే చెప్పక్కర్లేదు.

ఆట మా అమ్మది. అంటే, మా అమ్మ చెప్పిన కథ. 1996 నవంబరు 6న కోనసీమని తుఫాను ఊడ్చేసిన రాత్రి మా అమ్మ ఒక లాంతరు పట్టుకుని, ఇంట్లో ఎవరెక్కడున్నారో వెతికి అందరినీ ఒక్క గదిలోకి చేర్చింది. తెల్లారేసరికి చుట్టూ కొబ్బరిచెట్లన్నీ నేలమీదున్నాయి. మా అమ్మాయి అప్పటికి పుట్టలేదు. కానీ ఆ కథ అమ్మమ్మ పక్కన పడుకుని వందసార్లు వినుంటుంది. అమ్మ పోయి రెండేళ్ళయింది.

ఆటలో ఆ లాంతరు మన చేతిలో ఉంటుంది. వత్తి పెంచితే గదంతా కనబడుతుంది గానీ కిరసనాయిలు త్వరగా అయిపోతుంది. తగ్గిస్తే నూనె మిగులుతుంది, ఎదురుగా ఏముందో తెలీదు. నూనె అయిపోయేలోగా అందరినీ చేర్చాలి. అంతే ఆట. మొదట "అమ్మమ్మగారింట్లో తుఫాను రాత్రి" అని పేరు పెట్టుకున్నారు. అంత పేరు చిన్న బొమ్మలో పట్టదని తర్వాత "వత్తి" అన్నారు.

స్టీమ్‌లో ఆటకి వంద డాలర్లు కట్టాలి. అమ్మకాలు వెయ్యి డాలర్లకి చేరితే ఆ వంద తిరిగిస్తారు. ఆట విడుదలకి కనీసం రెండు వారాల ముందే "త్వరలో వస్తుంది" అని పేజీ పెట్టాలి. అది చూసి నచ్చినవాళ్ళు విష్‌లిస్టులో వేసుకుంటారు, విడుదల రోజున వాళ్ళకి మెయిలు వెళ్తుంది. కాబట్టి ఆటెంత బాగున్నా, ముందు ఆ పేజీ తలుపు తెరిచేది బొమ్మే. ఏడాది కష్టం చూడాలా వద్దా అన్నది జనం రెండు క్షణాల్లో తేల్చేస్తారన్నమాట.

మా పిల్లలిద్దరూ మొదట గీసుకున్న బొమ్మ ముచ్చటగా ఉంది. పెంకుటిల్లు, వాన, వంగిన కొబ్బరిచెట్లు, అరుగుమీద పిల్లి, నూతి గిలక, గుమ్మంలో లాంతరు పట్టుకున్న పిల్ల, వెనకాల అమ్మమ్మ. పైన సన్నటి అక్షరాలతో పేరు. కంప్యూటర్‌లో నిండుగా చూపించింది. నేను "ఇదే సైజులో కనబడుతుందా?" అని అడిగాను. అసలు తిప్పలు అక్కడే ఉన్నాయి. ఒకే బొమ్మని ఎన్నో కొలతల్లో ఇవ్వాలి. అడ్డంగా 920 బై 430 చుక్కలు ఒకటి, నిలువుగా 748 బై 896 ఒకటి, చిన్నది 462 బై 174. ఆ చిన్నదాన్నే వాళ్ళు ఇంకా కుదించి కొన్నిచోట్ల 120 బై 45 చేసి చూపిస్తారు. అంటే అగ్గిపెట్టెంత. ఆ కొలతకి తగ్గించి ఫోన్లో పెట్టమన్నాను. దాన్ని మిక్సీ పక్కన ఆనించి, పొయ్యి దగ్గర నిలబడి చూశాను. నల్లటి మరకలా ఉంది.

ముగ్గు వేసేవాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు. వంగుని వేస్తున్నప్పుడు ప్రతి చుక్కా మనకి ముఖ్యమే. లేచి వీధి గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి చూస్తే, కనబడేది నాలుగు పెద్ద గీతలే. వీధిలో వెళ్ళేవాళ్ళు చూసేదీ అదే.

మా చిన్నప్పుడు బస్టాండు పుస్తకాల కొట్లో పత్రికలన్నీ తాడుకి వేలాడేవి, గుర్తుందా? ఒకదాని మీద ఒకటి సగం కప్పేసి ఉన్నా, వడ్డాది పాపయ్యగారి బొమ్మ ఉన్న చందమామో, యువో రోడ్డు అవతలినుంచే తెలిసిపోయేది. బాపుగారు అట్టమీద నాలుగు గీతలు గీస్తే అందులో ఒక మొహం మనవైపు చూసేది. కథలో ఉన్నవాళ్ళందరినీ అట్ట మీదకి ఎక్కించాలని వాళ్ళేం చూడలేదు.

మా అమ్మాయి కూడా కొన్ని చూపించింది. హాలో నైట్ అని 2017లో వచ్చిన ఆట. ఆస్ట్రేలియాలో ముగ్గురో నలుగురో కూర్చుని చేశారట. చీకటి నీలంలో కొమ్ములున్న తెల్లటి చిన్న మొహం. గోరంత చేసినా గుర్తుపట్టచ్చు. "మరి నీ బొమ్మలో గోరంత చేసినా మిగిలేదేమిటి?" అన్నాను. చాలాసేపు చూసి "లాంతరు" అంది. "అయితే లాంతరూ, దాని వెలుగు పడ్డ పిల్ల మొహమూ ఉంచు. తక్కినవి తీసెయ్యి" అన్నాను.

పిల్లి, నుయ్యి, చెట్లు తీయడానికి ఒప్పుకుంది. అమ్మమ్మ దగ్గర ఆగిపోయింది. "అమ్మా, ఇది అమ్మమ్మ ఆట. తనే లేకపోతే ఎలా?" అంది. 2023లో వచ్చిన వెంబా గుర్తుచేసింది. టొరంటోవాళ్ళు చేసిన ఆట, కెనడా వెళ్ళిన ఒక తమిళ అమ్మ వంటల మీద. తను మా ఇద్దరం ఆడాలని పట్టుబడితే ఇడ్లీలు వేసే చోటు నేనే ఆడాను. "అందులో అమ్మే కదా అంతా!" అంది. "అందులో వండేది అమ్మ, ఆడేవాళ్ళ చేతికొచ్చేది ఆ గరిటె. నీ ఆటలో చేతికొచ్చేది లాంతరు. కొనేవాడికి తను ఏం చెయ్యబోతున్నాడో తెలియాలి. వెనకాల నిలబడ్డ పెద్దావిడ ఎవరో వాడికేం తెలుసు?" అన్నాను.

అన్నానే గానీ, మా అమ్మని తీసెయ్యమని నా నోటితో నేనే చెప్తున్నానని అప్పుడు తట్టింది. ఆ పూట ఇద్దరం ఇంక మాట్లాడుకోలేదు. నేను వెళ్ళి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చున్నాను.

సాయంత్రం తనే వచ్చింది. కొన్నవాళ్ళకి మాత్రమే కనబడే పెద్ద బొమ్మ ఒకటి ఉంటుందట, లైబ్రరీలో పేజీ పైన పరుచుకుని. 3840 బై 1240. దానిమీద అక్షరాలు ఉండకూడదు, ఉత్త బొమ్మే. "అమ్మమ్మని అక్కడ పెడతాను. ఇల్లూ, నుయ్యీ, పిల్లీ అన్నీ అక్కడే" అంది. వీధి గుమ్మంలో కాకుండా నడవాలో కూర్చోబెట్టినట్టు. బతికున్నప్పుడు కూడా మా అమ్మ వచ్చినవాళ్ళకి లోపలే కనబడేది, వీధరుగు మీద ఎప్పుడూ కూర్చోలేదు.

ఇంకో చిక్కు రంగులతో వచ్చింది. చీకట్లో ఒంటరి పిల్ల, కింద నుంచి వెలుతురు. చూస్తే దెయ్యాల ఆటలా ఉంది! దెయ్యం కోసం కొన్నవాడికి దెయ్యం దొరక్కపోతే ఊరుకుంటాడా? స్టీమ్‌లో కొన్న పద్నాలుగు రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడుంటే డబ్బు వెనక్కి అడగచ్చు. అబద్ధం చెప్పే బొమ్మకి జనం వచ్చినా నిలబడరు. అందుకని వెలుగుని పిల్ల గడ్డం కింద నుంచి తీసి పక్కకి జరిపారు, నీలిరంగు చీకటిలో పసుపూ నారింజా కలిపారు. ఇప్పుడు భయం బదులు "ఎవరికోసం వెతుకుతోందో" అనిపిస్తుంది.

మా వారు "కంప్యూటర్‌కి చెప్తే రెండు నిమిషాల్లో గీసిస్తోందిగా" అన్నారు. అలా ఏఐతో చేయించిన బొమ్మ వాడితే ఆ సంగతి పేజీ మీద చెప్పాలని స్టీమ్‌లో 2024 నుంచి నియమం ఉంది. ఆ సంగతి ఎలా ఉన్నా, "అమ్మమ్మ లాంతరు దానికేం తెలుసు నాన్నా?" అంది. చివరికి బొమ్మలు గీసే ఒకమ్మాయికి డబ్బిచ్చి చేయించారు. మా ఇంట్లో అటకమీదున్న లాంతరు దించి, తుడిచి, ఫొటోలు తీసి పంపాము.

మీ పిల్లలెవరైనా ఇలాంటి పనిలో ఉంటే రెండు మాటలు. బేరం అయ్యాక హక్కులు ఎవరివో, ఎన్ని మార్పులు చేసిస్తారో, ముందు ఎంత, తర్వాత ఎంత అన్నది కాగితం మీద రాసుకోమనండి. పేరుని బొమ్మలో కలిపెయ్యకుండా విడిగా ఇమ్మని అడగమనండి, లేకపోతే ప్రతి కొలతకీ మళ్ళీ గీయించాలి. పేరు లావుగా ఉండాలి. చిన్న క్యాప్సూల్‌లో దాదాపు పేరే నిండిపోయినా ఫరవాలేదు. "అద్భుతం", "ఐదు నక్షత్రాలు", "సగం ధర" లాంటివి బొమ్మమీద రాయకూడదు. ఆట బొమ్మా పేరూ తప్ప మరేం ఉండకూడదని 2022 సెప్టెంబరు నుంచి స్టీమ్ నియమం.

పేజీ పెట్టి మూడు వారాలైంది. పొద్దున్న కాఫీ కలుపుతూ "ఎంతమంది వేసుకున్నారే?" అని అడుగుతాను. నిన్నటికి నాలుగు వందల పన్నెండు. అది ఎక్కువో తక్కువో నాకు తెలీదు, తన మొహం చూసి కనిపెడదామంటే అదీ చెప్పదు. మా వారు మాత్రం మొన్న ఆఫీసులో ఎవరికో ఆ బొమ్మ ఫోన్లో చూపించారట. వాళ్ళు ఇది ఏమిటని అడిగితే "మా అత్తగారి లాంతరు" అన్నారట. ఉగాది ఇంకా రెండు నెలలుంది.