దీవిలో నాలుగు రాత్రులు

2025 ఫిబ్రవరి మొదటి ఆదివారమున ఆరాధన ముగిసిన పిమ్మట మా సంఘములోని ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకొని, "అయ్యగారూ, మీరు సముద్రం అవతల దీవులకు వెళ్లొచ్చారటగదా, అక్కడ రాజుల్లాగ ఉన్నారట" అని అడిగెను. నేను నవ్వి ఊరకుంటిని. రాజులవలె ఉంటిమనుట పూర్తిగా నిజము కాదు. లేమనుటయు నిజము కాదు. పల్లెలో అయ్యగారు వారము దినములు కనబడకపోయిన సంగతి ఎటులైనను దాగదు గనుక, జరిగినది జరిగినట్లు వ్రాయుటయే మేలని తోచినది.

ఆ యేటి జనవరికి మా పెండ్లి జరిగి ముప్పది సంవత్సరములు నిండినవి. హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగము చేయు మా అబ్బాయి క్రిస్మసు పండుగకు ఇంటికి వచ్చి, మమ్ము ఒక్కమాటయైన అడుగకయే, టిక్కెట్ల కాగితములు తన తల్లి ఒడిలో పెట్టెను. అండమాను దీవులలో సముద్రపు ఒడ్డున ఒక రిసార్టులో నాలుగు రాత్రులు. ఎంత ఖర్చయినదని నేనడిగితే చెప్పలేదు. తరువాత కోడలు చెప్పినది. మా మందిరపు పైకప్పు రేకుల నిమిత్తము రెండేండ్లుగా కూడబెట్టుచున్న సొమ్ముకంటె అది ఎక్కువ. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

విశ్రాంతికై ఎక్కడికైన పోవుట మా యింట లేని అలవాటు. ఈ ముప్పది యేండ్లలో నా భార్య చేసిన ప్రయాణములు లెక్కించిన, అవన్నియు మహాసభలు, పెండ్లిండ్లు, భూస్థాపనలు, ఆసుపత్రులు.

చెన్నపట్టణము నుండి విమానములో రెండు గంటలకు పైగా పోయి పోర్టుబ్లెయిరులో దిగితిమి. 2024 సెప్టెంబరు నుండి ఆ పట్టణమునకు శ్రీ విజయపురమని పేరు. అక్కడ నుండి ఓడలో రెండు గంటలు. మేము దిగిన దీవికి పూర్వము హేవ్‌లాక్ అని పేరుండెను. 2018 డిసెంబరులో స్వరాజ్ ద్వీప్ అని మార్చిరి. ఆ హేవ్‌లాక్ 1857 నాటి తిరుగుబాటును అణచుటలో పేరుపొందిన ఆంగ్ల సేనాని. సెరంపూరు మిషనెరీ జాషువా మార్ష్‌మన్‌గారికి అల్లుడు కూడ. సెమినరీ విడిచిన దినమున నా పట్టాపై సెరంపూరు పేరు చూచుకొని మురిసినవాడను నేను. కేరీ, మార్ష్‌మన్, వార్డుగారలను గూర్చి నేటికిని గౌరవముతోనే మాట్లాడుదును. అయినను ఆ అల్లుని పేరు దీవినుండి తొలగినందుకు నాకేమియు విచారము కలుగలేదు.

ఇక మా విడిది. కొబ్బరిచెట్ల నడుమ కొయ్యతో కట్టిన కుటీరములు, ముందు చిన్న వసారా. ఫోనులో చూపిన బొమ్మలో ఆ వసారా మెట్లయొద్దకే నీలిసముద్రము వచ్చి నిలిచియుండెను. మేము చేరునప్పటికి మధ్యాహ్నము. సముద్రము లేదు! బురదయు, నాచుపట్టిన రాళ్లును కనుచూపు మేర పరచుకొనియున్నవి. నాలుగేండ్ల మా మనుమరాలు, "సముద్రం ఎక్కడికి పోయింది తాతా?" అని అడిగి ఏడ్వసాగెను. మా అబ్బాయి మొగము నల్లబడెను.

సముద్రతీరమున పుట్టినవారికి ఆటుపోట్లు నేర్పనక్కరలేదు, కాని మావి మెట్టపొలములు. దీవికి తూర్పు ఒడ్డున నేల చదునుగా, లోతులేక సాగియుండుటచేత నీరు తీసినప్పుడు చాల దూరము పోవును. పోటుకును పోటుకును నడుమ పన్నెండు గంటల పైచిలుకు పట్టును. దినమునకు ఇంచుమించు ముప్పావుగంట వెనుకబడుచుండును. ఆ బొమ్మ తీసినవాడు పోటువేళ చూచి తీసినాడు. వానిని మాత్రమేమందుము? మన సంఘ వార్షిక నివేదికలు కూడ పోటువేళ తీసిన బొమ్మలే గదా.

నేను మనుమరాలి చెయ్యి పట్టుకొని ఆ రాళ్లమీద నడిచితిని. గుంటలలో నిలిచిన నీటిలో వ్రేలంతటి చేపలు, గుల్లలను వీపున మోసికొని పోవు చిన్న పీతలు, నల్లని దోసకాయలవంటి సముద్రపు జీవులు. సాయంకాలమునకు నీరు తిరిగి వచ్చెను. అయితే చీకటియు దానితోనే వచ్చెను. మన గడియారములు నడచు కాలరేఖ కాకినాడ ప్రక్కగా పోవును. ఈ దీవులు దానికి తూర్పున సుమారు పది డిగ్రీల దూరమున ఉన్నవి. కాబట్టి గడియారము చూపించు వేళకంటె నలువది నిమిషములు ముందే ప్రొద్దు గ్రుంకును. జనవరిలో సాయంత్రము అయిదున్నర కాకముందే సూర్యుడు లేడు.

బాగున్నవి బాగుగనే ఉన్నవి. పక్కదుప్పట్లు మల్లెపూవులవలె తెల్లనివి. వంటవాడు బెంగాలీ. 1950వ దశకములో తూర్పు బెంగాలు నుండి వచ్చిన శరణార్థులకు ప్రభుత్వమువారు ఈ దీవిలో భూములిచ్చిరి. వారి సంతతివారే నేటికిని ఇక్కడి గ్రామములలో ఎక్కువ. అతడు ఆవపిండి వేసి వండిన చేపను నా భార్య తిని, లోపలికి పోయి ఎట్లు వండినావని సైగలతో అడిగి తెలిసికొనెను. మూడవ దినమున పడమటి ఒడ్డునున్న రాధానగరు తీరమునకు పోయితిమి. అక్కడ తెల్లని ఇసుక, దాని వెనుక ఆకాశమునంటు చెట్లు. 2004లో టైము పత్రికవారు ఆసియాలోకెల్ల మేలైన తీరమని దీనినే వ్రాసిరి. దానిని వర్ణింప నాకు చేతగాదు.

బాగులేనివి కూడ చెప్పవలెను. ఈతకొలను ఎండియుండెను, అడుగున కొబ్బరిమట్టలు. కుళాయి నీరు కొంచెము ఎర్రన, కొంచెము ఉప్పన. ఆ దీవులలో వర్షము మిక్కుటముగా కురియును గాని, జనవరి నుండి నాలుగు నెలలు చినుకు అరుదు. మంచినీరు జాగ్రత్తగా వాడవలసినదే. రాత్రి కరెంటు పోయినప్పుడు, జనరేటరు అందుకొన్నను ఎ.సి. అందుకొనదు. 2020 ఆగస్టులో చెన్నై నుండి సముద్రపు అడుగున పరచిన తీగ ఈ దీవివరకు వచ్చినది గాని, అది మా కుటీరపు గోడ దాటి లోపలికి రాలేదు. మా కోడలు ఫోను పట్టుకొని కొబ్బరిచెట్ల క్రింద తిరుగుచుండెను.

వీటన్నిటిని మా అబ్బాయి ఓర్చుకొనెను. గీజరు దగ్గర మాత్రము ఓర్చుకొనలేదు. మా స్నానాలగదిలో కుళాయి ఎంతసేపు త్రిప్పినను వేడినీళ్లు రాలేదు. మొదటిరోజు "ఇవాళే చెడింది, రేపు బాగుచేస్తాం" అనిరి. రెండవరోజును అదే మాట. ఆ సాయంత్రము మా అబ్బాయి మేనేజరు బల్లయొద్ద నిలువబడి హిందీలో గట్టిగా మాట్లాడుచుండగా నేను పోయితిని. నలుగురు అతిథులు చూచుచుండిరి. నాకు సిగ్గనిపించెను. అతని భుజముమీద చెయ్యి వేసి, "పోనియ్యి నాయనా, దీవిలో చలి కూడ లేదు, వేడినీళ్లదేమున్నది? ఉన్నదానితో తృప్తిపడవద్దా?" అంటిని.

వాడు నా చెయ్యి తీసివేయలేదు. మెల్లగానే అనెను: "పోనియ్యి అనడం మీకు సులువే నాన్నగారూ. పోయినవన్నీ అమ్మవి."

అని సముద్రమువైపు నడిచిపోయెను.

ఆ విడిదిలో గదులు తుడుచు కుర్రవాడొకడుండెను. నా భార్య మెట్లు ఎక్కుచు "అబ్బా, మోకాలు" అనుట విని, "అమ్మా, మీరు తెలుగోళ్లా?" అని పరుగున వచ్చినవాడు. వాని తాత శ్రీకాకుళము వైపునుండి కూలికి వచ్చి ఇక్కడనే నిలిచిపోయెనట. విశాఖపట్టణము నుండి ఓడలో మూడు దినముల ప్రయాణము. శ్రీ విజయపురములో మనవారు వేలకొలది ఉన్నారు. ఈ కుర్రవాడు మన దేశము కంటితో చూడలేదు. వాని తెలుగులో సగము హిందీ. ఆ రాత్రి వాడు వంటయింటి నుండి రెండు బకెట్ల వేడినీళ్లు మోసికొనివచ్చి, చప్పుడు లేకుండ తలుపు దగ్గర పెట్టి, నాతో రహస్యముగా చెప్పెను: గీజరు చెడి రెండు నెలలైనది, లోపలి కాయిలు ఓడలో రావలెను, అడిగినవారితో "ఇవాళే చెడింది" అని చెప్పుమని తమకు ఆజ్ఞ. "బాబుగారూ, ఫోనులో మా మీద చెడ్డగా రాయించకండి. జీతంలో కోస్తారు."

అర్ధరాత్రి కరెంటు పోయినది. ఉక్కకు లేచి వసారాలో కూర్చుంటిని. పోటు వచ్చి నీరు మెట్లను తాకుచుండెను, ఆ బొమ్మలోవలెనే. నా భార్యయు వచ్చి కూర్చుండెను. కొంతసేపటికి అనెను: "వాడు ఈ గదే ఎందుకు తీసుకున్నాడో మీకు తెలీదు. క్రిస్మస్ రోజు నాకు ఫోనులో స్నానాలగది బొమ్మ చూపించాడు. అమ్మా, ఇక్కడ కుళాయి తిప్పితే చాలు, నువ్వు కాచక్కర్లేదు అన్నాడు."

మా యింట ముప్పది యేండ్లుగా కట్టెలపొయ్యి మీద నీళ్లు కాగినవి. సువార్తికులు వచ్చిరి, బోధకులు వచ్చిరి, దూరపు ఊళ్లనుండి రోగులు వచ్చిరి. తెల్లవారకముందే ఆమె లేచి ఊదుగొట్టముతో ఊది ఒక్కొక్కరికి బకెట్టు తోడియిచ్చెను. నాకును, పిల్లలకును ఇచ్చెను. ఆమె వంతు వచ్చునప్పటికి అండాలో మిగిలినది గోరువెచ్చననో, చల్లననో. ఆమె మోకాళ్లు చెడి ఆరేండ్లయినది. ఇదంతయు నేను చూచినవాడనే. ఇల్లు అతిథిప్రియము గలదియని నలుగురు పొగడినప్పుడు తలవంచి విన్నవాడను కూడ నేనే.

"నీకు వేడినీళ్లు కావలెనని ఉన్నదా?" అని అడిగితిని.

"ఉందండీ" అనెను.

సంతృప్తిని గూర్చి నేనెన్ని ప్రసంగములు చేసితినో లెక్కలేదు. పౌలు ఫిలిప్పీయులకు వ్రాసినదే నా ఆధారము. ఆ రాత్రి ఒక సంగతి తోచినది. తాను నేర్చుకొంటినని ఆయన తన్ను గూర్చియే వ్రాసెను గాని, ప్రక్కనున్నవారికి చల్లనీళ్లు చాలునని వ్రాయలేదు. అంతేకాదు, వారు పంపిన కానుక ముట్టినదని సంతోషముతో ఒప్పుకొన్న పత్రిక అది. నా కుమారుడు పంపిన కానుకను నేను చేతితో అందుకొని, దానిమీద ప్రసంగము చేసితిని.

ఉదయమున మా అబ్బాయిని లేపి, "రా, మేనేజరుగారి యొద్దకు పోవుదము. ఈసారి నేను మాట్లాడెదను" అంటిని. వాడు నమ్మలేదు. నాకు హిందీ అంతంతమాత్రము. వచ్చిన మాటలతోనే చెప్పితిని. నా భార్యకు మోకాళ్ల నొప్పి. వేడినీళ్లు వచ్చునని చెప్పి సొమ్ము తీసికొన్నారు. గీజరు నిన్న చెడినది కాదని చూచినవారికే తెలియుచున్నది. వేడినీళ్లున్న గది ఇయ్యవలెను, లేదా ఆ మేరకు సొమ్ము ఇయ్యవలెను. మీ పనివారు మమ్ము ఎంతో బాగుగా చూచుకొనిరి. ఈ మాటవలన వారిలో ఎవరికిని పైసా తగ్గకూడదు. ఆయన మొదట కాగితములు సర్దెను. తరువాత నావైపు చూచెను. చెడ్డవాడు కాడు, యజమాని ఎక్కడనో పట్టణములో ఉండును, కాయిలు కొరకు ఉత్తరములు వ్రాసి వ్రాసి ఈయనయు విసిగియుండెను. చివరకు చెప్పెను: వెనుకవైపు ఒక కుటీరమున్నది, గీజరు పనిచేయును, అయితే అక్కడ ఎ.సి. లేదు, సముద్రము కనబడదు.

మా అబ్బాయి తల్లివైపు చూచెను. ఆమె అప్పటికే చీరలు మడత పెట్టుచుండెను.

ఆ సాయంత్రము రాధానగరునుండి వచ్చిన తరువాత ఆమె స్నానమునకు పోయి తలుపు వేసికొనెను. మేమిద్దరము బయట మెట్లమీద కూర్చుంటిమి. ఎదుట అరటిచెట్లు, ఆరవేసిన దుప్పట్లు తప్ప మరేమియు లేవు. మా అబ్బాయి, విడిదిని గూర్చి ఫోనులో వ్రాయుచున్నది నాకు చదివి వినిపించెను. చేప బహు బాగు, పక్కలు శుభ్రము, పనివారు దయగలవారు, సముద్రము పోటువేళ మాత్రమే మెట్లకు వచ్చును, కొలను ఎండినది, ముందువైపు ఒక కుటీరములో గీజరు చెడియున్నది, అడిగి తీసికొనుడి. నేను ఒక్క అక్షరమైనను మార్చుమనలేదు. తరువాత వాడు ఫోను జేబులో పెట్టి, లోపల నీళ్ల చప్పుడు వినుచు కూర్చుండెను. చాలసేపు వింటిమి.

ఆమె తల తుడుచుకొనుచు బయటికి వచ్చెను. ముఖము ఎర్రగా కందియుండెను.

"నాకేమైన మిగిలెనా?" అని అడిగితిని.

"లేదండీ, అయిపోయాయి" అనెను.