నీళ్ళ నడుమ ఊర్లె మనోళ్ళు ఉంటరా?



రెండు వారాలుగా ఏమీ రాయలేదు. ముడిమ్యాల ముచ్చట్లు ఆగిపోయినయా మేడమ్ అని అడిగినవాళ్ళకు ఇదే జవాబు. సంక్రాంతి సెలవుల్లో అండమాన్ పోయొచ్చాను. ఫొటోలు పెట్టాను, మీరు చూశారు. ఆ ఫొటోల్లో లేనిది ఇవాళ రాస్తున్నాను. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, ఓపిక పట్టండి.

పోయే ముందు రోజు అవ్వకు చెప్పి పోదామని ముడిమ్యాల పోయాను. అవ్వ వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయ తుంచుతున్నది.

"ఏడికి పోతున్నవ్ బిడ్డా?"

"అండమాన్ అవ్వా. సముద్రం నడుమ దీవులు. మా కాలేజోళ్ళం అయిదు జంటలం పోతున్నం."

"నీళ్ళ నడుమ ఊర్లుంటయా?"

"ఉంటయి."

"అండ్ల మనోళ్ళు ఉంటరా?"

మనోళ్ళు అంటే తెలుగోళ్ళు అని కాదు. మా అవ్వ నోట్లో మనోళ్ళు అంటే మాదిగోళ్ళు, మాలోళ్ళు, ఊరి చివర బతికేటోళ్ళు. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ ఉన్న నాకు ఆ ప్రశ్నకు జవాబు తెలియలేదు. చూసొచ్చి చెప్త అన్నాను.

అవ్వకు విహారయాత్ర అంటే తెలియక కాదు. ఆమె పదేళ్ళుగా మొయినాబాద్ వైపు ఒక ఫామ్‌హౌస్‌లో పనికి పోతుంది. పట్నం నుంచి శనివారం కార్లలో వస్తారు. ఆదివారం రాత్రి పోతారు. "జంటలు జంటలు వస్తరు బిడ్డా. సోమారం పొద్దుగాల గడ్డిల గ్లాసులు ఏరుడు నా పని" అంటుంది. ఆ రోజు నన్ను చూసి నవ్వింది. "అయితే ఈపాలి నువ్వు గ్లాసులు ఇడిసిపెట్టి వస్తవన్నట్టు."

మా వైపు సంగతి తెలియనివాళ్ళ కోసం ఒక మాట. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లను కాపాడడానికి 1996లో 111 జీవో వచ్చింది. 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలను ఆపింది. చుట్టుగోడలను మాత్రం ఆపలేకపోయింది. చేవెళ్ళ రోడ్డు మీద మర్రిచెట్ల నీడ దాటి లోపలికి పోతే గోడ తర్వాత గోడ. అట్లాంటి ఒక గోడ లోపల మా తాతకు సర్కారు ఇచ్చిన రెండెకరాల లావణి పట్టా భూమి ఉంది. అసైన్డ్ భూములు అమ్మినా కొన్నా చెల్లదని 1977లోనే చట్టం వచ్చింది. చట్టం వచ్చినా మా మేనత్త పెళ్ళికి చేసిన అప్పు ఆగలేదు. భూమి గోడ లోపలికి పోయింది. పట్టా కాయితం మాత్రం అవ్వ ట్రంకుపెట్టెలో ఇప్పటికీ ఉంది.

ఇక యాత్ర సంగతి. ఆరు నెలలు చిట్టీ కట్టి కూడబెట్టిన పైసలతో బయలుదేరాం. కెమిస్ట్రీ సార్, కామర్స్ సార్, హిస్టరీ మేడమ్, ఇంగ్లీషు మేడమ్, నేను, మా మా ఇంటివాళ్ళు. మంచివాళ్ళే. నాకు జ్వరమొస్తే నా క్లాసులు తీసుకున్నవాళ్ళు. ఇది ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఈ కథలో దుర్మార్గుడు ఎవడూ లేడు.

శంషాబాద్‌లో విమానం ఎక్కితే రెండున్నర గంటల్లో దించింది. ఊరి పేరు పోర్ట్ బ్లెయిర్ అని మనం పాఠాల్లో చదువుకున్నాం. 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురం అని మార్చారు. జంగ్లీఘాట్ చేపల రేవు దగ్గర శ్రీకాకుళం యాసలో తెలుగు వినపడింది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగే.

సాయంత్రం సెల్యులార్ జైలు చూశాం. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తిచేశారు. ఏడు రెక్కల్లో ఇప్పుడు మూడే మిగిలాయి. కానీ జైలు కట్టకముందే, 1857 తిరుగుబాటు మొదలైన మరుసటి ఏడాది నుంచే అక్కడికి ఖైదీలను తోలారు. మన హైదరాబాద్ రెసిడెన్సీ మీద దాడికి ముందు నడిచిన మౌల్వీ అల్లావుద్దీన్‌ను తోలింది కూడా అక్కడికే. ఆయన మళ్ళీ ఇల్లు చూడలేదు. గైడు ఆ నీళ్ళను చూపించి కాలాపానీ గురించి చెప్పాడు. సముద్రం దాటితే కులం పోతుందని ఆనాటి పెద్దకులాల వాళ్ళకు చావుకన్నా ఎక్కువ భయమట. అందరూ తలలూపారు. నేను నీళ్ళ వైపు చూశాను. కులం పోతుందని భయపడేవాడికి అవి నల్లనీళ్ళు. పోతే పీడా పోయె అనుకునేవాడికి అవి ఏ రంగు నీళ్ళు?

గైడు ఇంకో మాట కూడా చెప్పాడు. శిక్ష అయిపోయిన ఖైదీలు అక్కడే పెళ్ళిళ్ళు చేసుకున్నారనీ, ఎవరిది ఏ కులమో చూడకుండానే కాపురాలు నిలిచాయనీ, వాళ్ళ పిల్లల పిల్లలను ఇప్పటికీ లోకల్‌బార్న్ అంటారనీ. "ఇక్కడ కులం లేదు సార్" అని ముగించాడు. కెమిస్ట్రీ సార్‌కు ఆ మాట చాలా నచ్చింది. "చూశారా, ఎంత హాయి!" అన్నాడు.

రెండోరోజు ఓడలో హావ్‌లాక్ చేరాం. దాని పేరు కూడా 2018లో స్వరాజ్ ద్వీప్ అయింది. రాత్రి సముద్రం ఒడ్డున పొడుగాటి బల్ల వేశారు. పది మందిమి కూర్చున్నాం. చేపలు, కొబ్బరన్నం, నవ్వులు. అప్పుడు కామర్స్ సార్ ఇంటామె నా వైపు తిరిగింది. ఆమెతో నాకు అంతకుముందు పరిచయం లేదు.

"అయ్యో, మీది ముడిమ్యాలనా మేడమ్! మా మేనత్తను అక్కడే ఇచ్చారు. చిన్నప్పుడు ఎన్ని సెలవులు అక్కడే గడిపామో. మీ ఇల్లు ఊర్లో ఏ దిక్కు?"

పట్నంలో ఇంటిపేరు అడుగుతారు. ఊరు తెలిసినవాళ్ళకు ఇంటిపేరుతో పనిలేదు, దిక్కు చాలు. ఆమె కావాలని అడగలేదని నాకు తెలుసు. మేనత్త ఊరు దొరికిందన్న సంతోషంతోనే అడిగింది. కానీ మా కాలేజీలో రోస్టరు పట్టిక చూడనివాళ్ళు ఎవరున్నారు? నేనెవరో బల్ల చుట్టూ ఉన్న నలుగురికీ తెలుసు. ఆ నలుగురూ ఒకేసారి తమ పళ్ళాల్లోకి చూశారు. ఒక్క క్షణం అలల చప్పుడు తప్ప ఏమీ లేదు.

"బస్సు దిగే దగ్గరనే" అన్నాను.

"చేపలు చల్లారిపోతున్నయ్, తినండి తినండి" అన్నాడు కెమిస్ట్రీ సార్. అందరూ ఊపిరి వదిలారు. అంత్యాక్షరి మొదలైంది.

గదికి వచ్చాక నా భర్త లైటు వేయకుండానే అడిగాడు. "ఎందుకట్ల చెప్పినవ్?"

నా దగ్గర జవాబు లేదు. ఇక్కడ మీకు ప్రతి వారం ఇంత పొడుగు రాసే మనిషిని. జాషువా గురించి పాఠం చెప్పి పిల్లల కళ్ళు తడి చేసే మనిషిని. బస్సు దిగే దగ్గర మా ఇల్లు లేదు. అక్కడ హోటలుంది, ఆ హోటల్లో మా తాతకు వేరే గ్లాసు ఉండేది. లేచి బల్ల మీది రెండు గ్లాసులూ కడిగి బోర్లించాను. ఆయన నవ్వాడు, నేను నవ్వలేదు.

మరునాడు పొద్దున రాధానగర్ బీచ్. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోనే మేలైనదని రాసిన తీరం. అందరూ నీళ్ళలో ఉన్నారు. నేను చెట్ల కింద కొబ్బరిబోండాలు అమ్మే ఒక పెద్దామె దగ్గర కూర్చున్నాను. ఇద్దరిదీ వచ్చీరాని హిందీ. హైదరాబాద్ నుంచి వచ్చామని చెప్పాను. ఆమె తన సంగతి చెప్పింది. మామగారు చిన్నపిల్లాడిగా తూర్పు బెంగాల్ నుంచి ఓడలో వచ్చాడట. అడవి నరికి పొలం చేశారట.

"మేం నమశూద్రులం" అంది, వాన పడుతుంది అన్నంత మామూలుగా.

నేను బోండాం కింద పెట్టేశాను. మిత్రులారా, ఈ పేరు మనం మరిచిపోకూడదు. 1946లో అంబేడ్కర్‌కు బొంబాయి నుంచి రాజ్యాంగ సభకు దారి మూసుకుపోయినప్పుడు తలుపు తెరిచింది బెంగాల్. అక్కడ నమశూద్రుల నాయకుడు జోగేంద్రనాథ్ మండల్, ఆయన తోటివాళ్ళు నిలబడి బాబాసాహెబ్‌ను గెలిపించి పంపారు. దేశవిభజనతో ఆ సభ్యత్వం పోయింది. 1947 జులైలో ఆయన బొంబాయి నుంచి మళ్ళీ ఎన్నికయ్యాడు. మండల్ పాకిస్తాన్‌కు తొలి న్యాయమంత్రి అయ్యాడు. అక్కడ తన జనాన్ని కాపాడుకోలేక 1950లో రాజీనామా చేసి ఇటు వచ్చాడు. ఆ జనమేమో కాందిశీకులయ్యారు. కొందరిని దండకారణ్యానికి తోలారు. 1949 నుంచి కొందరిని ఓడలెక్కించి అండమాన్‌లో దించారు. వాళ్ళలో ఎక్కువమంది నమశూద్రులే. హావ్‌లాక్‌లో రాధానగర్, గోవిందనగర్, శ్యామ్‌నగర్ అని ఊర్లకు పేర్లు పెట్టుకున్నది వాళ్ళే. మన రాజ్యాంగానికి తలుపు తీసిన చేతుల మనుమరాలు నాకు బోండాం కొట్టి ఇచ్చింది.

"మేము మాదిగలం. మీ వాళ్ళే మా బాబాసాహెబ్‌ను గెలిపించారు" అన్నాను. ఆమెకు ఆ చరిత్ర తెలియదు. కానీ జోగేన్ మండల్ పేరు మామగారి నోట విన్నదట.

ఎస్సీ సర్టిఫికెట్ ఉందా అని అడిగాను. ఆమె నవ్వింది. పశ్చిమ బెంగాల్లో నమశూద్రులు షెడ్యూల్డ్ కులం. అండమాన్‌లో షెడ్యూల్డ్ కులాల జాబితానే లేదు. జనాభా లెక్కల్లో ఎస్సీలు సున్నా. "ఇక్కడ కులం లేదు అని సర్కారు అంటుంది. కోడలిని వెతికేటప్పుడు మాత్రం అందరికీ గుర్తుంటుంది" అంది.

ఆ నేల మీద నిలబడి ఇంకో మాట చెప్పకపోతే నాది కూడా సగం నిజమే అవుతుంది. వాళ్ళు నరికిన అడవి ఖాళీ అడవి కాదు. ఆ దీవులకు వేల ఏళ్ళుగా మనుషులున్నారు, వాళ్ళ భాషలున్నాయి. బో భాష మాట్లాడే ఆఖరి మనిషి, బోవా సీనియర్ అని పిలిచే ముసలామె, 2010 జనవరిలో చనిపోయింది. సర్కారు ఒక నిరుపేదకు భూమి ఇవ్వడానికి ఇంకో నిరుపేదను చెరిపేసింది. ఇప్పుడు ఆ నేల మీద రిసార్టులు. ఒక దాంట్లో మేము అయిదు జంటలం.

బోండాం నీళ్ళు తాగుతుంటే నాకు ఒకటి తట్టింది. ముక్కూమొహం తెలియని మనిషికి అరనిమిషంలో చెప్పగలిగిన మాట, ఆరేళ్ళుగా ఒకే స్టాఫ్‌రూమ్‌లో టీ తాగేవాళ్ళ ముందు ఎందుకు చెప్పలేకపోయాను? వాళ్ళు పళ్ళాల్లోకి చూసినందుకు. వాళ్ళు నాకు మేలు చేశామనుకున్నారు. ఎవరికైనా లోపల ఏదో రోగముంటే నలుగురిలో దాని పేరెత్తకుండా ఉంటామే, అట్లాంటి మర్యాద. ఆ మర్యాదకు నేనూ లొంగి, వాళ్ళ సెలవు పాడుకాకుండా నా ఇల్లు జరిపి బస్సు దిగే దగ్గర పెట్టాను. సున్నా అని రాసిన జనాభా లెక్కకూ, మా భోజనాల బల్లకూ ఏమంత తేడా? ఊర్ల పేర్లు మార్చినట్టు నా వాడ పేరు తీసేశాం, అంతే.

చివరి రాత్రి మళ్ళీ అదే బల్ల. కామర్స్ సార్ ఇంటామెతో అన్నాను. "మొన్న మీరు అడిగినదానికి నేను సరిగ్గా చెప్పలేదు. మా ఇల్లు మాదిగవాడలో. మీ మేనత్తగారిల్లు తెలుసు. మా నాయనమ్మ వాళ్ళ పశువుల కొట్టం ఊడ్చేది."

ఆమె మొహం ఎర్రబడింది. "అయ్యో మేడమ్, నేను ఊరికే అడిగాను. మాకు అట్లాంటి పట్టింపులు లేవు" అంది. కెమిస్ట్రీ సార్ "ఇప్పుడు అవన్నీ ఎందుకు మేడమ్, హాయిగా తిరగడానికి వచ్చాం" అన్నాడు. హిస్టరీ మేడమ్ మాత్రం నెమ్మదిగా అంది. "నిన్న నేను పళ్ళెంలోకి చూశాను. సిగ్గుగా ఉంది." అంతకన్నా ఎవరూ ఏమీ అనలేదు. అంత్యాక్షరి ఆ రాత్రి జరగలేదు. నాకు మాత్రం చేప ముల్లుతో సహా రుచిగా ఉంది.

తిరిగొచ్చాక ముడిమ్యాల పోయాను. అవ్వకు గవ్వల దండ ఇచ్చాను. దాన్ని పక్కన పెట్టి మొదట అదే అడిగింది.

"ఉన్నరా బిడ్డా, మనోళ్ళు?"

"ఉన్నరే అవ్వా. కొబ్బరిబోండాలు అమ్ముతున్నరు. కానీ కాయితం మీద లేరు."

అవ్వ కొద్దిసేపు ఆలోచించింది. లోపల ట్రంకుపెట్టె ఉన్న మూల వైపు చూసింది.

"గట్లనా. మనం కాయితం మీదనే ఉన్నం."

జై భీమ్. వచ్చే వారం కలుద్దాం.