వికటకవీ, కంప్యూటరూ

పిల్లలూ! మీలో వైకుంఠపాళి ఆడనివాళ్ళు ఉండరు. పులిజూదం ఆడినవాళ్ళు మటుకు ఈ రోజుల్లో కొద్దిమందే ఉంటారు. మీ తాతగారినో, నాయనమ్మనో అడిగితే అరుగు మీద సుద్దతో గీసి చూపిస్తారు. 3 పులులు, 15 మేకలు. పులి మేక మీదుగా దూకి దాన్ని చంపుతుంది. మేకలన్నీ కూడి పులులను కదలకుండా కట్టెయ్యాలి.

ఈ రెండు ఆటలకూ పెద్ద తేడా ఉన్నది. వైకుంఠపాళిలో మీరు చేసేదేమీ లేదు. గవ్వలు ఎలా పడితే అలా పోవలసిందే. నిచ్చెన ఎక్కితే అది మీ గొప్ప కాదు, పాము మింగితే మీ లోపమూ కాదు. పూర్వం పెద్దలు నిచ్చెనలకు మంచి గుణాల పేర్లూ, పాములకు చెడ్డ గుణాల పేర్లూ పెట్టి, ఆ ఆటతో పిల్లలకు నీతి నేర్పాలనుకున్నారు. కాని ఆడేవాళ్ళలో ఆ పేర్లు చదివేవాళ్ళు ఎందరు? పాము నోరు ఎక్కడున్నదా అనే చూస్తారు! పులిజూదంలో అలా కాదు. ప్రతి ఎత్తూ మీరే ఆలోచించి వెయ్యాలి. మేకను కాని చోట పెడితే ఆ సంగతి పులే వచ్చి చెబుతుంది. మరొకరు చెప్పనక్కర లేదు.

నేను ఫోనులో ఆడుకునే చిన్న చిన్న చదువు ఆటలు తయారు చేస్తూ ఉంటాను. కొత్త ఆట మొదలుపెట్టినప్పుడల్లా, "ఇది వైకుంఠపాళా, పులిజూదమా?" అని అడిగి చూసుకుంటాను.

ఇంటర్నెట్టులో చదువు ఆటలకు కొదవ లేదు. ఏడెనిమిదులెంత అని అడుగుతారు. తెర మీద నాలుగు బుడగలు తేలుతూ వస్తాయి. 56 అని ఉన్న బుడగను పేల్చాలి. పేలిస్తే చప్పట్లు మోగుతాయి, మూడు నక్షత్రాలు రాలుతాయి. వేరొకటి పేలిస్తే బుర్రుమని చప్పుడు వస్తుంది. ఇది పరీక్ష కాగితానికి పెళ్ళిబట్టలు కట్టడం తప్ప మరేమీ కాదు. బుడగలు తీసేసి గళ్ళలో టిక్కు పెట్టమన్నా తేడా ఉండదు. ఎక్కం రాని పిల్లవాడికి ఆ బుర్రుమనే చప్పుడు ఏం నేర్పుతుంది? నాలుగు బుడగలూ వరసగా పేల్చి చూడమని నేర్పుతుంది, అంతే. (అమ్మలూ, నాన్నలూ! "ఎన్ని నక్షత్రాలు వచ్చాయి?" అని అడగడం మానేసి, "ఎలా ఆడావు?" అని ఒకసారి అడిగి చూడండి. జవాబు చాలా రకాలుగా ఉంటుంది.)

మరి తప్పు చేసినప్పుడు ఏం జరగాలి? దీనికి మంచి ఉపాయం కనిపెట్టినవాళ్ళున్నారు. 1967లో అమెరికాలో సీమోర్ పాపర్ట్, వాలీ ఫ్యూర్‌జిగ్, సింథియా సోలమన్ అనేవాళ్ళు కలిసి పిల్లల కోసం లోగో అనే కంప్యూటరు భాష తయారు చేశారు. కొద్దికాలానికి దానికి ఒక తాబేలు తోడయింది. "ముందుకు 100, కుడికి 90" అని నాలుగుసార్లు చెబితే ఆ తాబేలు తాను నడిచిన దారిలో గీత గీస్తూ పోయి చతురస్రం గీస్తుంది.

ఇప్పుడు మూడు భుజాలూ సమానంగా ఉన్న త్రిభుజం గీయించండి చూద్దాం! దాని కోణం 60 డిగ్రీలని మీ లెక్కల పుస్తకంలో ఉన్నది గనక, "ముందుకు 100, కుడికి 60" అని మూడుసార్లు చెబుతారు. గీత కలుసుకోదు. తాబేలు ఎటో పోతుంది. మొండిగా ఇంకో మూడుసార్లు అదే చెప్పారనుకోండి, తేనెపట్టు గదిలాగా చక్కని షడ్భుజి తయారవుతుంది! ఎవరూ "తప్పు" అనలేదు. మీరు అడిగింది మీకు దొరికింది, అంతే. అది త్రిభుజం ఎందుకు కాలేదా అని ఇక మీకే తోస్తుంది. తాబేలు తిరిగేది మూల లోపలి కోణం కాదు, బయటి కోణం. అది 120. మీ తమ్ముణ్ణి తాబేలుగా చేసి వాకిట్లో నడిపించి చూడండి. బయలుదేరిన చోటికి వచ్చి, మొదట చూసిన వైపే మళ్ళీ చూసేసరికి వాడు సరిగ్గా ఒక చుట్టు తిరుగుతాడు. మూడు 120లూ, నాలుగు 90లూ, ఆరు 60లూ అన్నీ 360 ఎందుకయ్యాయో అప్పుడు ఇట్టే తెలుస్తుంది.

ఇంకా చిన్న ఆట ఒకటి ఉన్నది. దీనికి ఇంటర్నెట్టు కూడా అక్కర లేదు, ఊళ్ళో ఉన్న అమ్మమ్మతో టెలిఫోనులో ఆడుకోవచ్చు. ఆవిడ 1 నుంచి 100 లోపల ఒక సంఖ్య తలుచుకుంటుంది. మీరు ఒకటి చెబితే, "ఎక్కువ", "తక్కువ" లేదా "అదే" అంటుంది. నాలుగైదు ఆటలు కాగానే, ప్రతిసారీ మిగిలినవాటిని సగానికి కొయ్యడం మేలని పిల్లలు వాళ్ళంతట వాళ్ళే పసిగడతారు. అలా కోస్తే ఎంత కష్టమైన సంఖ్య అయినా ఏడో మాటకు దొరక్కపోదు. 1000 దాకా అయితే 10 మాటలు చాలు. లక్ష దాకా అయితే 17. కోటి దాకా ఎన్ననుకున్నారు? 24!

ఇక అసలు సంగతికి వస్తాను. 2020 మార్చిలో కరోనా మూలంగా బడులన్నీ మూసేశారు. తెలంగాణాలో సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలోనూ, టీశాట్‌లోనూ పాఠాలు మొదలుపెట్టారు. అవి కాక, కొన్ని బడుల వాళ్ళు ఫోనులో తరగతులు నడిపేవాళ్ళు. మా వీధి చివరి ఇంట్లో నాలుగో తరగతి పిల్ల ఒకతె ఉండేది. చురుకైన పిల్లే. కాని తెలుగు తరగతిలో తన వంతు చదవవలసి వచ్చేసరికి, "సిగ్నలు లేదు టీచర్!" అని ఫోను కట్టేసేది. ఒకరోజు వాళ్ళమ్మ మా ఇంటికి వచ్చి, "అన్నయ్యగారూ, సిగ్నలు బ్రహ్మాండంగా ఉన్నది. దీనికి రానివి వత్తులు. రేపు బడి తెరిస్తే అయిదో తరగతిలో కూర్చోబెడతారు. సాంఘిక శాస్త్రం చదవలేదు, సామాన్య శాస్త్రం చదవలేదు. ఇక బడికి పోనని ఇప్పటినుంచే అంటున్నది," అన్నది.

వాళ్ళింట్లో ఉన్నది ఒకటే ఫోను. అది ఆటో నడిపే వాళ్ళ నాన్నది. ఆయన రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరితేగాని పిల్ల చేతికి రాదు. అప్పటికి రోజుకు ఇచ్చే డేటా కూడా చాలావరకు అయిపోయి ఉంటుంది. అందుచేత, ఆట ఒకసారి దించుకుంటే మళ్ళీ నెట్టు అడగకూడదు, బరువుగానూ ఉండకూడదు. అందుకని బొమ్మలు మానేసి, అక్షరాలనే ఆటబొమ్మలుగా చేద్దామనుకున్నాను. తెలుగు గుర్తు ఒక్కొక్కటి దాచడానికి సాధారణంగా 3 బైట్లు చాలు. ఫోనుతో తీసిన ఒక్క ఫోటో 20, 30 లక్షల బైట్లు ఉంటుంది. ఆ లెక్కన ఒక్క ఫోటో చోటులో ఎన్ని మాటలు పడతాయో మీరే చూడండి.

ఇక్కడే మన వికటకవి వస్తాడు. తెనాలి రామకృష్ణుడి బిరుదు ఎటునుంచి చదివినా ఒకటేనని మీకు తెలుసు. నేను ఆ పిల్లకూ, దాని స్నేహితులకూ మాటలు తిరగేసే చిన్న యంత్రం ఒకటి ఇచ్చాను. కావాలనే దానికి అక్షరమంటే ఏమిటో నేర్పలేదు. "నటన" అని కొడితే, "ఎటు చూసినా ఒకటే" అన్నది. "జలజ" అన్నా అదే మాట. "వికటకవి" అని కొడితే, "కాదు" అన్నది! పైగా "వకటకివ" అని చూపించి, ముందొక గుడిని చుక్కల సున్న మీద వేలాడదీసింది. పిల్లలు దానికి "గారె" అని పేరు పెట్టారు. యంత్రానికి పిచ్చెక్కిందన్నారు.

పిచ్చి కాదు. కంప్యూటరుకు అంకెలు తప్ప మరేమీ తెలియవు. లోకంలోని లిపులన్నిటికీ అంకెలు కేటాయించే యూనికోడ్ అనే ఏర్పాటు ఒకటి ఉన్నది. అందులో 1991లోనే తెలుగుకు చోటు దొరికింది. 3072 నుంచి 3199 దాకా 128 గళ్ళు మనవి. క అంటే 3093, ట అంటే 3103, వ అంటే 3125. గుడికి విడిగా 3135. అంటే మనకు "వి" ఒక్క అక్షరమైతే, దానికి వ ఒకటి, గుడి ఒకటి, మొత్తం రెండు. వికటకవి మనకు 5, దానికి 7. ఆ ఏడింటినీ తిరగేస్తే గుడి ముందుకొస్తుంది. ముందు హల్లేదీ లేదు గనక గారె మీద కూర్చుంటుంది! నటనలో, జలజలో గుడులూ కొమ్ములూ లేవు, అందుకే వాటికి ఆపద రాలేదు. ఈ రహస్యం పట్టుకున్నది నేను కాదు, ఆ పిల్లే. "మామయ్యా, కునుకు అంటే కూడా కాదంటున్నది. కొమ్ముల దగ్గరే గొడవ!" అన్నది.

మాటలను ముక్కలు చేసి కలిపే ఆటకు ఈ పద్ధతి బొత్తిగా పనికిరాదు. "చంద్రుడు" మనకు మూడక్షరాలు. కంప్యూటరు మటుకు చ, సున్న, ద, పొల్లు, ర, కొమ్ము, డ, కొమ్ము అని ఎనిమిది ముక్కలు చేస్తుంది. వాటిలో నాలుగింటికి సొంతంగా నిలబడే కాళ్ళు లేవు. అందుచేత ఆ ఆటలో, "హల్లు వెనక గుణింతం గుర్తు ఉంటే విడదియ్యకు, పొల్లు ఉంటే దాని తరవాతి హల్లును కూడా కలుపుకో" అని దానికి నియమం చెప్పాను. అప్పుడు చం, ద్రు, డు అని బుద్ధిగా కోసింది.

కాని ఆ కంప్యూటరు పద్ధతిలో ఒక సుగుణం ఉన్నది, చూశారా? ద, పొల్లు, ర. దానికి వత్తు అంటూ వేరే ఏమీ లేదు! హల్లు, పొల్లు, మళ్ళీ హల్లు. ఇది చాలు, ఇంకో ఆట దొరికింది. తెర మీద హల్లులన్నీ ఉంటాయి. పక్కన ఒక చుక్క ఉంటుంది, దాని పేరు జిగురు. ద పెట్టి, జిగురు పెట్టి, ర పెడితే, చూస్తూండగానే ర ఒదిగి ద కిందికి చేరి "ద్ర" అవుతుంది. ముందు ర, తరవాత ద పెడితే "ర్ద" అవుతుంది. బుర్రుమని చప్పుడు రాదు, ఎర్రగీత పడదు. మరో అక్షరం వస్తుంది, అంతే. ఏది కిందికి పోయిందో, ఏది ముందు పలకాలో అది చూస్తేనే తెలుస్తుంది.

దీనికి గడియారం పెట్టమని ఇద్దరు ముగ్గురు పెద్దలు నాకు సలహా ఇచ్చారు. వేగం వస్తుందట. నేను ఒప్పుకోలేదు. నిదానంగా చదివే పిల్లకు గడియారం టిక్కుమంటుంటే అక్షరం కనపడదు, గడియారమే కనపడుతుంది. ఆ పిల్ల మొదటి రాత్రి ఒక్క ర వత్తు మీదనే అరగంట గడిపింది. క్ర, గ్ర, త్ర, ప్ర, బ్ర! అవి అయిపోయాక, ఏ పుస్తకంలోనూ లేని అక్షరాలు అతికించి వాటిని పలకబోయి పకపకా నవ్వసాగింది. వాళ్ళ నాన్న ఫోను ఛార్జింగుకు పెట్టుకోవాలని లాక్కునేదాకా వదలలేదట. మూడో రోజుకు రెండేసి జిగుర్లు పెట్టడం మొదలుపెట్టింది: స, జిగురు, త, జిగురు, ర.

నెల తిరిగాక తరగతిలో దాని వంతు వచ్చింది. ఆ రోజు సిగ్నలు పోలేదు. "శాస్త్రజ్ఞుడు" అనే మాట దగ్గర కాస్సేపు ఆగింది. "శాస్త్ర" అని తేలిగ్గానే అన్నది. తరవాత జ కింద ఉన్న ఞ ను ఉన్నది ఉన్నట్టు పలికింది. టీచరు "గ్ఞు" అని సరిదిద్దితే, "టీచర్, జ కు జిగురు పెడితే గ ఎక్కణ్ణించి వస్తుంది?" అని అడిగింది. తరగతి అంతా నవ్వింది, టీచరూ నవ్వింది. ఆ పిల్ల ఇప్పుడు హైస్కూలుకు వచ్చింది.

మీరూ ఇలాంటి ఆట కట్టాలనుకుంటే, కంప్యూటరు దగ్గరికి వెంటనే పోకండి. పాత శుభలేఖలు కత్తిరించి హల్లులు రాసుకోండి. జిగురుకు చింతగింజలు పనికొస్తాయి. మీకన్నా చిన్నవాళ్ళచేత ఆడించి, పక్కన నోరు మూసుకుని కూర్చోండి. వాళ్ళు రెండు నిమిషాల్లో లేచిపోతే ఎక్కడ లేచిపోయారో రాసుకోండి. ఫోనులోకి ఎక్కించేది ఆ తరవాత.

ఎటునుంచి చదివినా ఒకటే అయ్యే మాటలు కూడా పోగు చెయ్యండి. నటన, జలజ, కునుకు, వికటకవి ఉండనే ఉన్నాయి. "కిటికీ" ఈ జాబితాలో చేరుతుందా? మొదటి కి పొట్టిది, చివరి కీ పొడుగుది గనక చేరదని నేనంటాను. పలికేటప్పుడు దీర్ఘం ఎవరు తీస్తున్నారు గనక, చేరుతుందని ఆ పిల్ల అంటుంది. మొన్న సంక్రాంతికి కూడా మా ఇద్దరికీ దీని మీద వాదం జరిగింది.