చేమదుంపల ఉండ్రాళ్ళు

పొట్ట చేతపట్టుకొని సముద్రం దాటడం మా కళింగసీమ వారికి కొత్త కాదు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుండి ఒకప్పుడు వేలాదిమంది ‘రంగం’ వెళ్ళారు. రంగమంటే రంగూను. 1960లలో అక్కడి నుండి తరలివచ్చినవారి పేరిట విశాఖపట్నం కంచరపాలెంలో ఇప్పటికీ బర్మాక్యాంపు ఉన్నది. వారి వెంట బర్మా ఖౌస్వే కూడ వచ్చి మన వీధులలో కాపురం పెట్టింది. మనిషితో పాటు రుచి కూడ ఓడ ఎక్కుతుంది.

ఆనాటిది కూలిపనుల వలస. నేటిది చదువుల వలస. మా అల్లునికి తైవానులోని షిన్‌చూలో, చిప్పుల పరిశ్రమలో ఉద్యోగం. మనవరాలికి నాలుగేళ్ళు. బడిలో చీనా భాష, ఇంటిలో అరకొర తెలుగు. ఆ బిడ్డ నోట మన భాష నిలుచునా అన్నది, తెలుగు చెప్పి బ్రతికిన నాకు చిన్న బెంగ కాదు.

మేము వెళ్ళినప్పుడు అందరం కలిసి జ్యూఫెన్ చూడబోయాము. ఒకనాటి బంగారు గనుల కొండ ఊరు. మెట్లదారులు, ఇరువైపుల అంగళ్ళు. మా ఇంటావిడకు ఉల్లి, వెల్లుల్లి కూడ నిషిద్ధం. ఆశ్చర్యమేమంటే, ఆ దేశంలో శాకాహారపు పొట్లాలపై ఉల్లి, వెల్లుల్లి వంటివి కలిసినవాటిని వేరుగా పేర్కొనే నియమం ఉన్నది. శాకాహారానికి గుర్తు ‘సూ’ అనే అక్షరం. రంగు అద్దని తెల్లపట్టు అని దాని తొలి అర్థం.

అక్కడి ప్రసిద్ధ వంటకం ‘యూయువాన్’. చేమదుంపలు ఉడికించి, మెదిపి, పిండి కలిపి, చిన్న ఉండలుగా చేసి, మరల ఉడికించి, తీపి పానకంలో వేసి ఇస్తారు.

“చేమదుంపకు తీపా!” అని మా ఇంటావిడ ముక్కున వేలు వేసుకొన్నది. మా ఇంట దానికి పులుసో, వేపుడో తప్ప వేరు గతి లేదు మరి. పిల్ల మాత్రం గిన్నె రెండు చేతులా పట్టుకొని, ఒక్కొక్క ఉండను బుగ్గన పెట్టి నములుతూ, పానకం గడ్డం మీదుగా కారుతుండగా, “తాతా, ఇంకా!” అన్నది.

‘యూ’ అంటే చేమ, ‘యువాన్’ అంటే గుండ్రన. మన ‘ఉండ’ కూడ గుండ్రనిదే కదా! “ఇవి ఉండ్రాళ్ళమ్మా” అన్నాను.

“ఉండాళ్ళు” అన్నది నోటినిండా పెట్టుకొని.

సాయంత్రం పాలు కలిపిన తేనీటిలో అడుగున తేలాడే నల్లని గోళీలను చూపి, “నల్ల ఉండాళ్ళు” అన్నది. అవి కర్రపెండలం పిండితో చేసినవి. మన సగ్గుబియ్యానికి దాయాదులు. ఎవరూ చెప్పకుండానే నామవాచకానికి విశేషణాన్ని తానే జతచేసింది. ఆ పాఠం చెప్పడానికి నేను ఎన్ని సుద్దముక్కలు అరగదీశానో!

మొన్న వినాయకచవితి నాడు వీడియోలో అమ్మమ్మ ఉండ్రాళ్ళ పళ్ళెం చూపగానే, “తెల్ల యూయువాన్!” అని కేక వేసింది. మా ఇంటావిడ చిన్నబుచ్చుకొన్నది. నాకు మాత్రం ‘తెల్ల’ అన్న మాట వినబడింది.