గంగమ్మ తల నరికింది దేనికి?

మాది తిరుపతిలో తాతయ్యగుంట దగ్గర. ఇప్పుడుంటున్నది ఇంగ్లండులోని రెడింగ్. 2025 జులై 25 నుంచి ఇక్కడ అశ్లీల సైట్లలోకి వెళ్లాలంటే ముఖం ఫొటోనో, క్రెడిట్ కార్డో చూపించి వయసు రుజువు చేసుకోవాలి. చట్టం అమలైన ఆ వారాంతంలోనే వీపీఎన్ యాప్‌లు డౌన్‌లోడ్ల పట్టికలో పైకెక్కి కూర్చున్నాయి. ఆ వార్త మా ఊరివాళ్ల వాట్సాప్ గ్రూపులో పడింది. "మన దేశంలో అయితే మొత్తం మూసేయాల. నీతీ జాతీ లేకుండా పోయింది" అన్నాడు మా పెద్దనాన్న కొడుకు. "మూస్తే మద్య నిషేధం మాదిరే అవతాది లేన్నా" అన్నాడు చిత్తూరు నుంచి ఇంకో తమ్ముడు.

తమ్ముడి మాట కొట్టిపారేయలేం. 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్య నిషేధం పెట్టారు. అప్పటి మా చిత్తూరు జిల్లాకు ఒకవైపు తమిళనాడు, ఇంకోవైపు కర్ణాటక. పలమనేరు దాటి కాస్త పోతే సీసా దొరికేది. మా జిల్లా మనిషే ముఖ్యమంత్రిగా ఉండి 1997లో దాన్ని ఎత్తేశారు. వీపీఎన్ అంటే జేబులో పెట్టుకున్న పలమనేరు సరిహద్దు. అయితే ఆ కథ ఎక్కడ మొదలైందో మనం మరిచిపోతుంటాం. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారాకు అడ్డం తిరిగింది తాగడం పాపమని కాదు. తాగొచ్చి కొడుతున్నారని, కూలి డబ్బులు ఇంటికి చేరడం లేదని. నీతి గురించి మాట్లాడింది ఆ తర్వాత వేదికలెక్కిన పెద్దమనుషులు.

2015లో ఈ రెండు రకాల వాదనలూ దిల్లీ చేరాయి. ఆ ఫిబ్రవరిలో హైదరాబాద్ ప్రజ్వల సంస్థ నుంచి సునీతా కృష్ణన్ సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి దత్తుకు ఉత్తరం రాశారు. దాంతోపాటు ఒక పెన్‌డ్రైవ్ పంపారు. వాట్సాప్‌లో తిరుగుతున్న సామూహిక అత్యాచారాల వీడియోలు అందులో ఉన్నాయి. నటన కాదు, నిజంగా జరిగినవి. చేసినవాళ్ల మొహాలు నవ్వుతూ కనబడుతున్నాయి. ఆమె అడిగింది సమాజం చెడిపోతోందని కాదు, వీళ్లను పట్టుకోమని, వీటిని తీయించమని. కోర్టు ఆ ఉత్తరాన్నే కేసుగా తీసుకుంది, సీబీఐని రంగంలోకి దించింది. గూగుల్, ఫేస్‌బుక్, వాట్సాప్ ప్రతినిధులను కమిటీ ముందు కూర్చోబెట్టింది. ఇప్పుడు మనం సైబర్ నేరాల మీద ఫిర్యాదు చేసే కేంద్ర పోర్టల్‌కు మూలం ఆ ఉత్తరమే.

అదే ఏడాది జులై 31న కేంద్రం 857 సైట్లను ఆపేయమంది. ఆ ఉత్తర్వులో రాసిన కారణం నైతికత, మర్యాద. జాబితాలో జోకుల సైట్లు కూడా కలిసిపోయాయి. గోల లేచేసరికి వారం తిరక్కుండానే ప్రభుత్వం వెనక్కి తగ్గింది, పిల్లల అశ్లీల చిత్రాలు లేని సైట్లను తెరుచుకోవచ్చంది. పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఆడపిల్లలకు ఆ 857తో ఒరిగిందేమీ లేదు, వాళ్ల వీడియోలు తిరిగింది ఫోన్ నుంచి ఫోన్‌కు.

మా అన్నకు గుర్తుచేయాల్సింది మా వీధి జాతరే. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం అంటూ రోజుకొకటి. వేషం కట్టినవాడు ఎదురొచ్చినవాళ్లను పచ్చి బూతులు తిట్టొచ్చు. ఎవరూ తప్పు పట్టరు, అది మొక్కు. చిన్నప్పుడు ఆ తిట్లకు చెవులు మూసుకుంటే మా అవ్వ చేతులు లాగేసేది. "ఇనుబ్బా, అమ్మకు ఇష్టం" అని. అదే జాతరలో కథ ఏమిటి? ఊళ్లో ఆడవాళ్లను చెరబట్టే పాలెగాడొకడు. గంగమ్మ మీదా చెయ్యి వేయబోయాడు. ఆమె అసలు రూపం చూసి పారిపోయి దాక్కున్నాడు. ఆమె వేషాలు మార్చుకుంటూ వెతికింది. చివరికి దొర వేషంలో వస్తే దణ్ణం పెట్టడానికి బయటికొచ్చాడు, తల తెగింది. కైకాల వంశంవాళ్లు ఇప్పటికీ దాన్ని ఆడి చూపిస్తారు. తల తీసిన మర్నాడు మాతంగి వేషంలో వెళ్లి వాడి పెళ్లాన్ని ఓదారుస్తుంది కూడా. బూతుకు చోటిచ్చి, చెరబట్టినవాడికి చోటివ్వని దేవత మన దగ్గరే ఉంటే, అన్నీ ఒకే గాట కట్టే చట్టం మనకెందుకు?

నీతి పేరుతో కత్తి పట్టుకున్నవాళ్లు ఎవరి మీద దూస్తారో మనకు తెలిసిందే. చిత్తూరు జిల్లా కార్వేటినగరం వేణుగోపాలస్వామి మీద సారంగపాణి రాసిన శృంగార పదాలు దర్జాగా బతికాయి. తంజావూరు ముద్దుపళని, ఒక ఆడది, 'రాధికా సాంత్వనము' రాస్తే మాత్రం అశ్లీలమైంది. బెంగళూరు నాగరత్నమ్మ 1910లో వావిళ్లవారి ద్వారా దాన్ని అచ్చు వేయిస్తే మరుసటి ఏడే పోలీసులు ప్రతులు పట్టుకుపోయారు. మద్రాసులో ప్రకాశం పంతులు ప్రభుత్వం వచ్చేదాకా ఆ నిషేధం ఉంది.

సరే, అది శృంగారం. అసలు చిక్కు నటించిన హింస దగ్గరుంది. బ్రిటన్‌లో 2003లో ఒక టీచరమ్మను గొంతు బిగించి చంపినవాడు అలాంటి సైట్లకు అలవాటు పడినవాడు. ఆమె తల్లి ఏళ్ల తరబడి పోరాడితే 2008లో చట్టం వచ్చింది. ప్రాణం మీదికి వచ్చే హింస ఉన్న అశ్లీల చిత్రాలు, నటనే అయినా నిజంలా ఉంటే, దగ్గర పెట్టుకోవడమే నేరం. 2015లో అత్యాచార దృశ్యాలను కూడా అందులో చేర్చారు. 2025లో గొంతు నులిమే దృశ్యాలనూ నేరం చేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఆ ఏడాదే బారనెస్ బెర్టిన్ ఇచ్చిన నివేదిక, ఆ సైట్ల పుణ్యమా అని గొంతు నులమడం కుర్రకారుకు మామూలు విషయమైపోయిందని చెప్పింది. మెదడుకు రక్తం ఆగితే ఏమవుతుందో చెప్పడానికి నీతిశాస్త్రం అక్కర్లేదు, డాక్టరు చాలు. ఆ నిషేధానికి నా మద్దతుంది.

కానీ 2008 చట్టంలో ఇంకో షరతు ఉంది. ఆ బొమ్మ జుగుప్స కలిగించేదిగా కూడా ఉండాలట. జుగుప్స ఎవరిది? 2009లో వేల్స్‌లో ఒకాయన మీద ఇదే చట్టం కింద కేసు పెట్టారు, పులితో స్త్రీ ఉన్న వీడియో ఫోన్లో ఉందని. ఎవరో స్నేహితుడు సరదాకు పంపినది. పోలీసులు శబ్దం పెట్టకుండా చూశారు. తర్వాత శబ్దంతో వేస్తే ఆ పులి మాట్లాడింది, కార్టూన్ ప్రకటనలో పులి లాగా! కేసు ఎగిరిపోయింది గానీ అప్పటికే ఊరంతా ఆయన్ను వెలివేసినంత పని చేసింది.

మన ఊళ్లో ఇలాంటి చట్టం వస్తే ఫోన్లు ఎవరివి తీసి చూస్తారో ఊహించుకోవచ్చు. బస్టాండు దగ్గర తిరిగే కుర్రాడివి చూస్తారు, సర్వర్లు నడిపే కంపెనీవి కాదు. 2019లో శంషాబాద్ దగ్గర దిశ అత్యాచార ఘటన జరిగాక ఆ అమ్మాయి అసలు పేరును అశ్లీల సైట్లలో జనం వెతికారని వార్తలొచ్చాయి. ఆ డిసెంబర్‌లోనే ఆంధ్ర శాసనసభ దిశ పేరు మీద బిల్లు పాస్ చేసింది, 21 రోజుల్లో తీర్పు అన్నారు. ఆ వెతికిన పేరును తన పేజీలో పైకి తెచ్చి చూపించిన సైటు యజమానిని మాత్రం ఎవరూ అడిగినట్టు నాకు గుర్తులేదు. నిజమైన అత్యాచార వీడియోను తెలిసి దాచుకున్నవాణ్ని, పంచినవాణ్ని శిక్షించండి, ఏ అభ్యంతరమూ లేదు. నటించిన హింస విషయంలో మొదట తయారుచేసినవాడి దగ్గరికీ అమ్మినవాడి దగ్గరికీ వెళ్లండి. చూసినవాణ్ని జైల్లో వేసే సెక్షన్ గురించి నాకింకా తేలలేదు. అన్నతో ఈ ముక్కే చెబితే, "తేల్చుకుని చెప్పు పాపా, ఈలోగా నేను పిల్లోడి ఫోన్ తీసేసుకుంటా" అన్నాడు.