చిన్నాయన అడిగిన పిస్తోలు

"ఒరే, ఇంజనీరువి కదా! పిస్తోలు కొంటే ఏది మొరాయించదో చూసి చెప్పు" అని మా చిన్నాయన ఫోన్ చేస్తే జోకనుకున్నా. కాదు. మాది పుంగనూరు. ఆయన మదనపల్లె మార్కెట్లో టమాటా వ్యాపారం చేస్తాడు. సీజన్‌లో నగదు సంచితో తెల్లారకముందే బైకెక్కుతాడు. ఒకరోజు ఎవరో ఇద్దరు చాలాదూరం వెంటపడ్డారట. అప్పట్నుంచి లైసెన్సు ధ్యాస పట్టుకుంది.

నాకు తుపాకీ అంటే ఎన్‌సీసీలో కాల్చిన పాయింట్ 22 రైఫిలే. అయినా ఫోన్ కొనేముందు చదివినట్టు చదవడం మొదలుపెట్టా. మొదట బ్రౌనింగ్ హై పవర్ నచ్చింది. 1935 నాటి బెల్జియం పిస్తోలు, మ్యాగజైన్‌లో 13 తూటాలు. మన ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ అదే డిజైన్‌తో 9 ఎంఎం పిస్తోలు చేసింది. మన సైన్యం, పోలీసులు దశాబ్దాలు వాడారు. నమ్మకానికి ఇంకేం కావాలి? కానీ 9 ఎంఎం మామూలు జనానికి నిషేధిత బోర్. ఆ ముచ్చట అక్కడితో సరి.

మిగిలింది పాయింట్ 32. అందులో రివాల్వరూ ఉంది, సెమీ ఆటోమేటిక్ పిస్తోలూ ఉంది. బోర్ పేరు ఒకటే, తూటాలు మాత్రం వేరు. అసలు తేడా తూటా పేలనప్పుడు తెలుస్తుంది. రివాల్వర్‌లో ట్రిగ్గర్ మళ్లీ నొక్కితే చక్రం తిరిగి ఇంకో తూటా వస్తుంది. పిస్తోలులో స్లైడు వెనక్కి లాగి, పేలనిదాన్ని బయటికి తీసేయాలి. దానికి రెండు చేతులూ కావాలి. మ్యాగజైన్ అంచు కాస్త వంగినా, స్ప్రింగ్ వదులైనా, దుమ్ము చేరినా తూటా సరిగా ఎక్కదు. అందుకే శుభ్రం చేయాలి, కాల్చి చూస్తూ ఉండాలి.

మా ఆఫీసులో ఒక మాట అంటాం: ఒక్కసారైనా తెరిచి చూడని బ్యాకప్, బ్యాకప్పే కాదు. అందుకే అడిగా, "సాధన ఎక్కడ చేస్తావు చిన్నాయనా?"

"సాధన ఎందుకురా? చూపిస్తే చాలు కదా!"

అక్కడే నాకు భయమేసింది. చూపించాక అవతలోడు ఆగకపోతే? ఇంట్లో మా తమ్ముడికి ఏడేళ్లు. నాన్న ఫోన్ లాక్ ఎన్నిసార్లు మార్చినా వాడు తీసేస్తాడు. మరి బీరువా తాళం?

పోయిన నెల కుప్పం పక్కన మా అవ్వ వాళ్లూరికి అందరం వెళ్లాం. అక్కడ చేలమీదికి ఏనుగులు వస్తాయి. భోజనాల దగ్గర చిన్నాయన పిస్తోలు మాటెత్తితే మా మామ నవ్వాడు. "ఏనుగొస్తే మేం టపాకాయలు తీసుకొని పోతాం. కానీ అది పేలకపోతే ఎటు పరిగెత్తాలో ముందే చూసుకుంటాం" అన్నాడు.

చిన్నాయన ఏమీ మాట్లాడలేదు. నేను వారం రోజులు చదివి చెప్పలేనిది మామ ఒక్క మాటలో చెప్పేశాడు.

ఇప్పుడు సగం లెక్కలు ఫోన్‌లోనే తీరుస్తున్నాడు. నగదు ఉన్నరోజు తోటి వ్యాపారి బండిలో, తెల్లారాకే వెళ్తున్నాడు. లైసెన్సు దరఖాస్తు మాత్రం ఇంకా బీరువాలోనే ఉంది. చించెయ్యమని నేనూ అడగలేదు. రోడ్డుమీద ఆ చీకట్లో ఉన్నది ఆయన, నేను కాదు కదా.