కరపత్రంలో లేని పేరు

మొన్న సంక్రాంతికి విజయవాడ వెళ్ళినప్పుడు, అటక మీది ట్రంకుపెట్టె దింపి దులుపుతుంటే పాత నోటుపుస్తకంలోంచి ఒక గులాబిరంగు కాగితం జారిపడింది. 1986 వేసవిలో అచ్చయిన కరపత్రం. పైన "సంగీత శిక్షణ - వేసవి తరగతులు" అనీ, కింద "అధ్యాపకుల వివరములు" అనీ ఉంది. ఆ వివరాలు రాసింది నేనే. అప్పటికి నాకు పదిహేడేళ్ళు. నా వాక్యాలను అచ్చులో చూసుకోవడం అదే మొదటిసారి గనుక అంత భద్రంగా దాచుకున్నాను. ఇన్నాళ్ళకు మళ్ళీ చదివితే మాత్రం సంతోషం కలగలేదు. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ బడి సంగతి చెప్పాలి.

సత్యనారాయణపురంలో మా ఇంటికి రెండు వీధుల అవతల మాస్టారి ఇల్లు. ఇల్లే బడి. ముందుగదిలో గాత్రం, నడవలో వయొలిన్, పడమటింట్లో వీణ, పెరటి వసారాలో మృదంగం. సాయంత్రం అయిదింటికి వీధి మలుపు తిరిగేసరికి నాలుగు పాఠాలూ కలగలిసి వినిపించేవి. పాఠాలు చెప్పేవారంతా ఒక్క కుటుంబంవారే గానీ, ఒక్కొక్కరూ ఒక్కో దారిన సంగీతానికి వచ్చినవారు.

మాస్టారు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి చివరి సంవత్సరాలలో నాలుగేళ్ళు శిష్యరికం చేశారు. పంతులుగారు 1951లో పోయారు. పంతులుగారి గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారు, వారి గురువు మానాంబుచావడి వెంకటసుబ్బయ్యగారు, వారి గురువు సాక్షాత్తు త్యాగరాజస్వామి. మాస్టారు ఈ వరుసను వేళ్ళ మీద లెక్కపెట్టి, చివరికి చిటికెనవేలు చూపించి "ఇది నేను" అనేవారు. అందులో గర్వం కంటే భయమే ఎక్కువగా కనిపించేది. తప్పు పాడితే ఆ నలుగురికీ జవాబు చెప్పుకోవాలన్నట్టు, కృతిలో ఒక్క సంగతి కూడా మార్చనిచ్చేవారు కాదు.

పెద్దబ్బాయిగారు వయొలిన్. ప్రభుత్వ సంగీత కళాశాలలో డిప్లొమా, ఆకాశవాణి విజయవాడ కేంద్రంలో బి-హై గ్రేడు. రేడియో అలవాటు వల్ల ఆయన పాఠమంతా గడియారంతో నడిచేది. ఆలాపన ఎన్ని నిమిషాలో ముందే చెప్పి, అది దాటితే కమాను ఎత్తి ఆపేసేవారు.

కోడలుగారు వీణ. పుట్టిల్లు బొబ్బిలి, చదువు విజయనగరంలో. 1919లో మొదలై, ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులుగా ఉన్న సంగీత కళాశాల అది. ఒకే పనస దుంగలోంచి తొలిచిన ఏకాండి వీణ ఆమెతోపాటే కాపురానికి వచ్చింది. పాఠం మొదలుపెట్టే ముందు పిల్లలచేత మెట్లన్నీ తుడిపించడం ఆమె నియమం.

చిన్నబ్బాయిగారు మృదంగం. పగలు బస్సు డిపోలో గుమాస్తా ఉద్యోగం. ఆయన కళాశాల మెట్లెక్కలేదు. రామాలయం భజనల్లో డోలక్ వాయిస్తూ లయ పట్టుకుని, ఆపైన మృదంగానికి వచ్చారు. కరపత్రంలో భజన అంటే చులకన అనుకుంటారేమోనని "ప్రముఖ విద్వాంసుల వద్ద అభ్యసించినవారు" అని రాసేశాను. ఆయన చదువుకుని నవ్వి ఊరుకున్నారు.

ఆ కాగితంలో ఉన్నది ఈ నలుగురే.

నేను ఆ బడిలో చేరింది 1981లో, పన్నెండో ఏట. రెండు వారాలు విని మాస్టారు మా నాన్నగారితో "పిల్లవాడికి శ్రుతి నిలవడం లేదండీ, లెక్కలు బాగా చేస్తాడట కదా, అవి చెప్పించండి" అన్నారు. అప్పుడు వంటింటి గడపలోంచి మాస్టారి భార్య, మేమంతా పిన్నిగారు అని పిలిచే ఆవిడ, "ఒక్క నెల నాకు వదలండి" అన్నారు.

మొదటి వారం నన్ను పాడనివ్వలేదు. ఒక చేత్తో శ్రుతిపెట్టె తిత్తి ఊపుతూ "నోరు మూసుకుని పాడు నాయనా" అనేవారు. అంటే లోలోపల పాడుకోమని. తరువాత మూసిన పెదవులతో, ఆ తరువాత నోరు తెరిచి, షడ్జం ఒక్కటే. అది పెట్టెలోని నాదంలో కలిసిపోయి నా గొంతు నాకు వేరుగా వినపడని రోజున "ఇదిగో, ఇక్కడ" అన్నారు. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

పిదప సరళీస్వరాలు. వాటిని పురందరదాసు ఏర్పరచారనీ, మాయామాళవగౌళలో కూర్చారనీ సంప్రదాయం. ఆ రాగమే ఎందుకో నాకు చెప్పింది పిన్నిగారే. "స నుంచి రి ఎంత దగ్గరో ప నుంచి ద అంతే దగ్గర. గ నుంచి మ ఎంత దగ్గరో ని నుంచి పై స అంతే దగ్గర. కింద నాలుగు మెట్లు ఎక్కడం వస్తే పై నాలుగూ వచ్చినట్టే" అన్నారు. లెక్కలు వచ్చినవాడికి లెక్కతోనే చెప్పారన్నమాట! నెల తరువాత మాస్టారు నన్ను ముందుగదిలోకి రానిచ్చారు. నా ఒక్కడి సంగతే కాదు. ఆ ఇంటికి వచ్చిన ప్రతి కొత్త పిల్లా, పిల్లవాడూ మొదటి నెలలు ఆవిడ దగ్గరే కూర్చునేవారు. శ్రుతి కుదిరాకే మిగతావారి చేతికి వెళ్ళేవారు.

కరపత్రం రాసేటప్పుడు కాగితమూ పెన్సిలూ పట్టుకుని అందరినీ అడిగాను. పిన్నిగారినీ అడిగాను. "నా గురించి ఏముంది నాయనా, ఉప్మాలోకి ఉల్లిపాయలు తరుగుతున్నానని రాసుకో" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. నేను పెన్సిలు జేబులో పెట్టుకున్నాను.

అచ్చయి వచ్చాక కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివి, "అచ్చుతప్పులు లేవు" అన్నారు. అంతే.

ఆ వేసవిలోనే ఒక పెద్దమనిషి కూతుర్ని చేర్చడానికి వచ్చాడు. చేతిలో గులాబి కాగితం. పిన్నిగారు పిల్లను శ్రుతిపెట్టె ముందు కూర్చోబెడుతుంటే, "ఈవిడ పేరు ఇందులో లేదే? డిప్లొమా ఉన్నవారిచేత చెప్పించండి" అన్నాడు. మాస్టారు ఏదో అనబోయారు. అంతలోనే పిన్నిగారు లేచి, "నేను టీచరును కానండీ, వాళ్ళు వచ్చేదాకా కూర్చోబెడతానంతే" అని కోడలికి చోటిచ్చారు. నేను నడవలో నిలబడి విన్నాను. ఏమీ అనలేదు. ఆ తరువాత కొత్త పిల్లలు నేరుగా పెద్దబ్బాయిగారి గడియారం ముందుకే వెళ్ళారు.

మరుసటి ఏడు ఒక మధ్యాహ్నం ఆవిడే చెప్పారు. పుట్టిల్లు బందరు దగ్గర పల్లె. తండ్రి తెల్లవారుజామున అరుగు మీద మగపిల్లలకు పాఠం చెప్పేవారట. ఆడపిల్లకు అక్కడ చోటు లేదు. కానీ వాకిట్లో ముగ్గు వేసే పని ఆవిడదే. "ముగ్గు ఎంత పెద్దదైతే అంత పాఠం వినొచ్చుగా! ఊళ్ళో మా వాకిలి ముగ్గే పెద్దది" అన్నారు. ఏడాది ముందు నేను ఇంకొక్క ప్రశ్న వేసి ఉంటే ఈ మాట కరపత్రంలోకి ఎక్కేది. ఎక్కించి ఉండేవాడినా? భజననే దాచినవాడిని, ముగ్గును రాసేవాడినా?

పిన్నిగారు 2003లో పోయారు. ఇప్పుడు ఆ బడిని మనవరాలు నడుపుతోంది. పొద్దున్నే కంప్యూటరు ముందు కూర్చుని అమెరికా పిల్లలకు పాఠాలు చెబుతుంది. ఈ సంక్రాంతికే, కొత్తగా అచ్చువేయించబోయే కాగితంలో తెలుగు సరిచూడమని ఇచ్చింది. తాతగారు, నాన్న, అమ్మ, బాబాయి, తాను. అందరికీ అర్హతలు పొందికగా రాసింది. నేను అన్నిటికంటే పైన ఒక ముక్క చేర్చాను: "వాకిట్లో ముగ్గు వేస్తూ, అరుగు మీద తండ్రిగారు చెప్పే పాఠాలు విని నేర్చుకున్నారు. ఈ బడిలో ఎందరికో తొలి పాఠం వీరే చెప్పారు."

ఆ అమ్మాయి చదివి, "బామ్మ పాఠాలు చెప్పేదా? నాకు ఊహ తెలిసేసరికి వంటింట్లోనే ఉండేదే!" అంది.

గులాబి కాగితం తీసి చూపించి, జరిగింది చెప్పాను. ఆ తరువాత ఆ ముక్క ముందు పేరు రాయబోయి ఆగిపోయాను. ఇరవైరెండేళ్ళు పిన్నిగారూ అని పిలిచాను. ఆవిడ పేరు నాకు తెలియదు.

మనవరాలిని అడిగి, రాశాను.